రాజసౌధాలు ఎందుకు కూలుతాయి?

కువైట్ నగరపు పాత పేటల్లో షర్క్ ఒకటి. అరబ్బీలో ఆ మాటకు తూర్పు అని అర్థం. ప్రహరీగోడ లోపలి పాత ఊరికి తూర్పున ఉన్న పేట కనుక ఆ పేరు వచ్చింది. చమురు పడకముందు ఇక్కడ ముత్యాల పడవల నాఖుదాలు, పడవలు కట్టే వడ్రంగులు, బెస్తలు నివసించారు. ఇప్పుడు బ్యాంకులు, కంపెనీల కార్యాలయాలు, అద్దాల మేడలు నిండి ఉన్నాయి. 1949లో ప్రారంభమైన అమీరీ ఆసుపత్రి కూడా ఈ తీరంలోనే ఉంది. అక్కడినుంచి సముద్రాన్ని ఎడమచేతి పక్క ఉంచుకుని తూర్పుగా వెళితే, కువైట్ టవర్లు చేరేలోపు, నేడు దస్మాన్ అని వేరుగా పిలిచే కొసభాగంలో రెండు రాజసౌధాలు ఎదురవుతాయి.

ఒకటి దస్మాన్ ప్రాసాదం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు మొదటి దాడులు జరిగిన చోట్లలో ఇది ఒకటి. అమీర్ షేక్ జాబిర్ అల్ అహ్మద్ అప్పటికే సౌదీ అరేబియా వైపు వెళ్ళిపోయారు. ఆయన సోదరుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ ఆ ప్రాసాదం దగ్గర జరిగిన పోరులో మరణించారు. ఇంత జరిగినా దస్మాన్ నేటికీ నిలిచి ఉంది, పాలక కుటుంబానికి ఉపయోగపడుతూనే ఉంది.

రెండవది మొహమ్మరా పాలకుడు షేక్ ఖజల్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కట్టించుకున్న సౌధం. ఇరాక్ సైన్యం రావడానికి చాలా ముందే అది ఖాళీ అయింది. దశాబ్దాలుగా దాని గతి శిథిలాల గతే. ఫిరంగుల పాలయిన సౌధం బతికి, ఎవరూ దండెత్తని సౌధం శిథిలం కావడం ఎలా సంభవించింది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మరణపత్రంలోని రెండు గళ్ళు

వైద్యవృత్తిలో ఉన్నవారు తరచుగా పూరించే పత్రాల్లో మరణకారణ ధృవీకరణ పత్రం ఒకటి. అందులో తక్షణ కారణానికి ఒక గడి, మూలకారణానికి మరొక గడి ఉంటాయి. రోగి ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయి ఉండవచ్చు. అది తక్షణ కారణం. ఇరవై ఏళ్ళ క్రితం మొదలై, పట్టించుకోని రక్తపోటు మూలకారణం కావచ్చు. కొత్తగా వృత్తిలోకి వచ్చిన వైద్యులు రెండు గళ్ళలోనూ దాదాపు ఒకటే రాస్తారు. గుండె ఆగిపోయింది అని రాస్తే అది కారణం కాదు, మరణానికి మరొక పేరు మాత్రమే.

రాజసౌధాల చరిత్రలు రాసేటప్పుడూ ఈ పొరపాటే జరుగుతూ ఉంటుంది. అగ్నిప్రమాదంలో పోయింది, యుద్ధంలో పోయింది, కూల్చివేశారు అని రాసి ఊరుకుంటారు. ఇవన్నీ మొదటి గడిలోకి చెందిన మాటలు. నిప్పు అంటుకున్న ప్రతి సౌధమూ పోలేదు. కొన్నింటిని మళ్ళీ కట్టారు, కొన్నింటిని కట్టలేదు. ఎందుకు కట్టలేదన్నది రెండో గడిలో రావలసిన విషయం.

ఈ పరిశీలనకు ఇంగ్లండును మించిన ఆధారాలు దొరకడం కష్టం. అక్కడి రాజులు సౌధాలు కట్టిన లెక్కలు, అమ్మిన పత్రాలు, కూల్చిన వివరాలు శతాబ్దాలుగా భద్రంగా ఉన్నాయి. పైగా ఖజల్ సౌధం కథలో బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక ముఖ్యపాత్ర ఉంది. కనుక ముందు అక్కడికి వెళ్ళి, తిరిగి షర్క్‌కు వద్దాం.

రాజుగారి ఉబ్బసం

నేడు వైట్‌హాల్ అంటే బ్రిటిష్ ప్రభుత్వ యంత్రాంగం అని అర్థం. నిజానికది ఒక రాజసౌధం పేరు. 1512లో వెస్ట్‌మిన్‌స్టర్ ప్రాసాదంలో రాజనివాస భాగం కాలిపోయింది. ఆ తరువాత కొన్నేళ్ళకు ఎనిమిదవ హెన్రీ, పదవి కోల్పోయిన కార్డినల్ వూల్జీ భవనాన్ని స్వాధీనం చేసుకుని విస్తరించాడు. అదే వైట్‌హాల్. క్రమంగా అది 1500కు పైగా గదులతో ఐరోపాలోని అతిపెద్ద రాజసౌధాల్లో ఒకటయింది.

1698 జనవరిలో ఒక దాసి తడిబట్టలు ఆరడానికి బొగ్గుల కుంపటి దగ్గర ఉంచింది. బట్టలకు నిప్పంటుకుంది. దాదాపు మొత్తం సౌధం కాలిపోయింది. ఇనిగో జోన్స్ నిర్మించిన విందుశాల మిగిలింది. 1649లో మొదటి చార్లెస్ శిరచ్ఛేదం జరిగింది ఆ శాల ముందే. మొదటి గడిలో రాయవలసినది అగ్నిప్రమాదం. సందేహం లేదు.

రెండో గడిలో ఏం రాయాలి? అప్పటి రాజు మూడవ విలియంకు ఉబ్బసం. థేమ్స్ ఒడ్డున తేమ, లండన్ బొగ్గుపొగ ఆయన ఊపిరితిత్తులకు పడలేదు. అందుకే సింహాసనమెక్కిన 1689లోనే నగరానికి వెలుపల కెన్సింగ్టన్‌లో నాటింగ్‌హామ్ హౌస్ అనే భవనాన్ని కొని నివాసంగా మార్చుకున్నాడు. హాంప్టన్ కోర్టును కూడా విస్తరింపజేశాడు. వైట్‌హాల్ కాలేనాటికి, రాజు అందులో నివసించడం మానేసి తొమ్మిదేళ్ళు కావస్తోంది. కాలిన తరువాత పునర్నిర్మాణానికి పథకాలు గీశారు గాని కట్టలేదు. రాజు అక్కడే ఉంటూ ఉంటే కట్టి ఉండేవారేమో. వైట్‌హాల్‌ను కాల్చింది కుంపటి. మళ్ళీ లేవకుండా చేసింది ఉబ్బసం.

నాన్సచ్ ప్రాసాదం కథ ఇంకొక రకం. సాటిలేనిది అని ఆ పేరుకు అర్థం. 1538 ఏప్రిల్ 22న, తన పాలన ముప్ఫైవ ఏట అడుగుపెట్టిన రోజున, ఎనిమిదవ హెన్రీ దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. ఇందుకోసం కడింగ్టన్ అనే ఊరినీ, ఆ ఊరి చర్చినీ తొలగించారు. అప్పుడే మూతపడిన మెర్టన్ మఠం రాళ్ళు తెచ్చి పునాదుల్లో వాడారు. ఊరిని, గుడిని కూల్చి కట్టిన సౌధం నూట యాభై ఏళ్ళు కూడా నిలవలేదు. రెండవ చార్లెస్ దానిని తన ప్రియురాలు బార్బరా విలియర్స్‌కు ఇచ్చాడు. ఆమె అప్పుల్లో పడి, 1682 ప్రాంతంలో దానిని పడగొట్టించి సామగ్రిని అమ్మించింది. 1959లో పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వి చూసేదాకా అది ఎక్కడుండేదో నేలమీద కనిపించే ఆనవాలు కూడా లేదు. తక్షణ కారణం కూల్చివేత. మూలకారణం, సౌధం రాజ్యానికి గాక ఒక మనిషి అప్పులకు హామీగా మారడం.

ఓట్‌లాండ్స్ ప్రాసాదానిది రాజకీయ మరణం. మొదటి చార్లెస్‌ను ఉరితీయకుండా గొడ్డలితో నరికించిన పార్లమెంటు, ఆ తరువాత రాజుగారి ఆస్తులను అమ్మకానికి పెట్టింది. ఓట్‌లాండ్స్‌ను కొన్నవాడికి రాజసౌధంతో పనేముంది? ఇటుకలతో పని. 1650లో దానిని పడగొట్టారు. ఆ ఇటుకల్లో కొన్ని వే నదిపై పడవలు నడవడానికి కట్టిన కాలువ లాకుల్లోకి చేరాయి. రిచ్‌మండ్ ప్రాసాదం కూడా ఆ అమ్మకాల్లోనే పోయింది. మొదటి ఎలిజబెత్ 1603లో కన్నుమూసిన సౌధమది. ఇప్పుడు దాని ముఖద్వారమూ, మరికొంత భాగమూ మాత్రం ఉన్నాయి.

రెండో ఉద్యోగం

రాజు అవసరం తీరిన తరువాత కూడా బతికిన సౌధాలు లేకపోలేదు. అవి ఎలా బతికాయో చూస్తే మూలకారణం మరింత స్పష్టమవుతుంది.

లండన్‌లో బ్రైడ్‌వెల్ ఎనిమిదవ హెన్రీ సౌధం. 1553లో అతని కుమారుడు ఆరవ ఎడ్వర్డ్ దానిని నగరానికి దానం చేశాడు. నిరాశ్రయులకు ఆశ్రయంగా మొదలై, దిమ్మరులను, చిన్న నేరస్థులను పనిచేయించే కారాగారంగా మారింది. చివరికి ఇంగ్లీషులో జైలుకు ఆ పేరే ఒక సామాన్య నామమయింది. రాజులు దానిని వదిలేశాక కూడా 19వ శతాబ్దం దాకా ఆ ఆవరణ నడిచింది. సవాయ్ ప్రాసాదాన్ని 1381 రైతుల తిరుగుబాటులో తగులబెట్టారు. ఏడవ హెన్రీ ఆ స్థలాన్ని పేదల ఆసుపత్రికి ఇచ్చాడు.

గ్రినిచ్ కథ వైద్యులకు మరింత నచ్చుతుంది. ఎనిమిదవ హెన్రీ, మొదటి ఎలిజబెత్ ఇద్దరూ పుట్టిన ప్రాసాదం అక్కడుండేది. రాజు లేని కాలంలో అందులో బిస్కట్లు కాల్చారు, యుద్ధఖైదీలను ఉంచారు. రెండవ చార్లెస్ తిరిగి వచ్చాక పాతదాన్ని పడగొట్టి కొత్తది మొదలుపెట్టాడు గాని పూర్తి చేయలేకపోయాడు. 1694లో విలియం, మేరీలు ఆ స్థలాన్ని వృద్ధ నావికుల, గాయపడిన నావికుల ఆశ్రమానికి ఇచ్చారు. క్రిస్టఫర్ రెన్ దానికి నమూనాలు గీశాడు. తరువాత అది నావికా కళాశాల అయింది. ఇప్పుడు అక్కడ విశ్వవిద్యాలయం నడుస్తోంది. ఒక అవసరం తీరేలోపు మరొక అవసరం వచ్చి చేరుతూ ఉండడమే ఆ కట్టడాల ఆయుష్షుకు కారణం.

దీన్నిబట్టి ఒక సూత్రం తోస్తుంది. రాజసౌధం చావు నిప్పుతోనో, గునపంతోనో మొదలు కాదు. దాని యజమానికి అది అక్కరలేని రోజున మొదలవుతుంది. ఆ రోజుకూ గునపం పడే రోజుకూ మధ్య ఎవరైనా దానికి రెండో ఉద్యోగం చూపితే బతుకుతుంది.

హైదరాబాదు సాక్ష్యం

ఈ సూత్రం మన దగ్గర నిలుస్తుందా? కుతుబ్‌షాహీలు హైదరాబాదు నగరంలో చార్మినార్ పరిసరాల్లోనూ, మూసీ వైపునా అనేక మహళ్ళు కట్టించారు. 1687లో గోల్కొండ మొఘలుల వశమయ్యాక ఆ రాజధానికి రాజు లేడు. ఆ మహళ్ళు పేర్లుగా మిగిలాయి. కానీ వాటి సరసనే కట్టిన మక్కా మసీదు, బాద్‌షాహీ అషూర్‌ఖానా నిలిచాయి. మహలుకు ఒక్కడే యజమాని. మసీదుకు ప్రతి శుక్రవారం వేలమంది యజమానులు. రాజ్యం మారినా వారి అవసరం మారదు. ఇంతవరకు సూత్రం సరిపోయింది.

సైఫాబాద్ ప్రాసాదం దగ్గరకు వచ్చేసరికి చిక్కు వస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888 ప్రాంతంలో దానిని కట్టారు. ఆయన చూడడానికి వెళుతుండగా దారికడ్డంగా ఉడుము పోయిందనీ, అపశకునమని భావించి భవనానికి తాళం వేయించాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా ఆయన అందులో కాపురం పెట్టలేదు. అయినా ఆ సౌధానికి మంచి ఉద్యోగమే దొరికింది. ప్రభుత్వ కార్యాలయాలు అందులోకి వచ్చాయి. రాష్ట్రం ఏర్పడ్డాక సచివాలయంలో జి బ్లాకు అయింది. సర్వహిత అని పేరు కూడా పెట్టారు. రాజు ఒక్కరోజు ఉండని ఇంట్లో ముఖ్యమంత్రులు కూర్చుని పాలించారు.

ఆ ఉద్యోగమే చివరికి దాని ప్రాణం తీసింది. కొత్త సచివాలయం కట్టాలనుకున్నప్పుడు పాత సచివాలయంలో భాగంగా 2020 జూలైలో దానినీ కూల్చివేశారు. 2023 ఏప్రిల్ 30న కొత్త భవనం ప్రారంభమయింది. అంటే ఉపయోగం ఒక్కటే రక్షణ కాదన్నమాట. ఉపయోగం పెరిగి, కట్టడం చాలకపోతే, ఉపయోగమే గునపం పడుతుంది. రెండో ఉద్యోగం ఆయుష్షును పొడిగిస్తుంది గాని చిరంజీవిని చేయదు.

అప్పుడు కావలసినది చట్టం. ఎర్రమంజిల్ రాజసౌధం కాదు, నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ భవనం. అదీ ప్రభుత్వ కార్యాలయాలకే ఉపయోగపడింది. 2019లో దాని స్థానంలో శాసనసభా భవనం కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. పౌరులు కొందరు న్యాయస్థానానికి వెళ్ళారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టివేసింది. సైఫాబాద్‌కూ ఎర్రమంజిల్‌కూ మధ్య తేడా సున్నంలోనో రాళ్ళలోనో లేదు. ఒకదాని పక్షాన చేసిన వాదన గెలిచింది, మరొకదానికి ఆ అదృష్టం లేదు.

షేక్ ఖజల్ సౌధం

ఇప్పుడు షర్క్‌కు తిరిగి వద్దాం. షేక్ ఖజల్ కువైట్‌వాడు కాదు. షత్ అల్ అరబ్ జలమార్గానికి అవతల, నేడు ఇరాన్‌లో ఖుర్రంషహర్ అని పిలిచే మొహమ్మరా ఆయన రాజధాని. కువైట్ పాలకుడు షేక్ ముబారక్ ఆయనకు ఆప్తమిత్రుడు. 1899లో బ్రిటిష్ వారితో ఒప్పందం చేసుకుని కువైట్‌ను వారి రక్షణలోకి తెచ్చిన ముబారక్ ఈయనే. ఆ స్నేహం కారణంగానే ఖజల్ ఈ తీరంలో ఇల్లు కట్టించుకున్నాడు. ఒక భాగం అతిథులను, సభలను ఆదరించే దివాన్. మరొక భాగం అంతఃపురం.

ఆనాటి కువైట్ కట్టడాలకు సముద్రపు అడుగునుంచి తెచ్చిన రాయి, మట్టి, జిప్సం ముఖ్యమైన సామగ్రి. కలప అంతా దిగుమతే. తూర్పు ఆఫ్రికా తీరంనుంచి వచ్చిన మడచెట్ల వాసాలు పైకప్పుకు, భారతదేశంనుంచి పడవల్లో వచ్చిన టేకు తలుపులకు వాడేవారు. అప్పట్లో ఇక్కడ చెల్లిన నాణెమూ భారతీయ రూపాయే. ఇలాంటి మట్టి కట్టడానికి ఏటా మరమ్మత్తు కావాలి. వాన అరుదుగా కురిసినా, కురిసిన ప్రతిసారీ పూత కరుగుతుంది. గాలిలో ఉప్పు గోడను లోపలినుంచి తింటుంది. మనిషి ఉంటేనే అది నిలుస్తుంది.

ఖజల్‌కు బ్రిటిష్ ప్రభుత్వం నైట్ బిరుదునిచ్చింది, రక్షణ విషయంలో హామీలూ ఇచ్చింది. కానీ యుద్ధానంతరం టెహ్రాన్‌లో రజాఖాన్ బలపడ్డాక ఆ హామీలు పనిచేయలేదు. 1925లో రజాఖాన్ మనుషులు ఖజల్‌ను మొహమ్మరాలో అతని సొంత పడవమీదే పట్టుకుని టెహ్రాన్ తీసుకుపోయారు. 1936లో చనిపోయేదాకా ఆయన అక్కడ నిర్బంధంలోనే ఉన్నాడు. షర్క్ తీరంలోని ఈ ఇంటికి మళ్ళీ రాలేదు. ఓట్‌లాండ్స్ యజమాని తల పోగొట్టుకున్నాడు, ఈ ఇంటి యజమాని స్వేచ్ఛ పోగొట్టుకున్నాడు. ఇళ్ళకు మాత్రం వచ్చిన ఫలితం ఒకటే.

అయినా దీనికి రెండో ఉద్యోగం దొరికింది. పాలక కుటుంబానికి చెందిన షేక్ అబ్దుల్లా అల్ జాబిర్ చేతికి వచ్చింది. 1957లో కువైట్ తొలి ప్రదర్శనశాల ఇక్కడ వెలిసింది. అది చిత్రమైన సంవత్సరం. 1920లో ఊరి జనమే కట్టుకున్న ప్రహరీగోడను ద్వారాలు మినహా పడగొట్టిన సంవత్సరం కూడా అదే. 1951లో బ్రిటిష్ నగర నిర్మాతలు గీసిన పథకం ప్రకారం పాత ఊరి ఇళ్ళను ప్రభుత్వం మంచి ధర ఇచ్చి కొని, కూల్చి, రోడ్లు వేసింది. జనం కొత్త కాలనీలకు తరలిపోయారు. గతాన్ని ఒకచేత్తో పడగొడుతూ మరొకచేత్తో ప్రదర్శనశాలలో దాచిన కాలమది.

1976లో ప్రదర్శనశాల ఇక్కడినుంచి తరలిపోయింది. 1983లో దానికోసం సరికొత్త భవనం ప్రారంభమయింది. 1990లో ఇరాక్ సైన్యం ఆ కొత్త భవనాన్ని దోచుకుంది, తగులబెట్టింది. యుద్ధం తరువాత దానిని పునరుద్ధరించారు. వస్తువులు చాలావరకు తిరిగి వచ్చాయి. ఎందుకంటే దేశానికి ప్రదర్శనశాల కావాలి. పాలక కుటుంబానికి దస్మాన్ కావాలి కనుక అదీ లేచింది. ఖజల్ ఇల్లు 1976నుంచి ఎవరికీ అక్కరలేనిదయింది. దాని మరణపత్రం రాయవలసి వస్తే మొదటి గడిలో ఉప్పుగాలి అనీ, రెండో గడిలో నిరుద్యోగం అనీ రాయాలి.

ఇదే తీరంలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. బ్రిటిష్ రాజకీయ ప్రతినిధి హెరాల్డ్ డిక్సన్ నివసించిన పాత ఇంట్లో, ఆయన మరణించాక కూడా భార్య వయొలెట్ ఉండిపోయారు. 1990 దాకా ఆ ఇంట్లో మనిషి అలికిడి ఆగలేదు. అదీ మట్టి, రాయి కట్టడమే. యుద్ధంలో దెబ్బతిన్నా బాగుచేసి ప్రదర్శనశాలగా నిలుపుకున్నారు.

అయితే మరణపత్రం మృతులకు మాత్రమే రాస్తారు. ఖజల్ సౌధంలో గోడలు ఇంకా ఉన్నాయి. షేక్ అబ్దుల్లా అల్ జాబిర్ ప్రాసాదం పేరుతో కువైట్ 2015లో ఈ కట్టడాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రతిపాదిత జాబితాలో చేర్చింది. అంటే వాదించేవారు పుట్టారు. ఎర్రమంజిల్‌కు దొరికినదీ, సైఫాబాద్‌కు దక్కనిదీ అదే. జాబితాలో పేరు వైద్యం కాదు, రోగిని ఆసుపత్రిలో చేర్చినట్టు మాత్రమే. అసలు వైద్యం, ఆ ఇంటికి ఒక పని చూపించడం. పాఠశాల గాని, గ్రంథాలయం గాని, చిన్న వైద్యశాల గాని, ఏదైనా సరే, పొద్దున తలుపు తీసి సాయంత్రం వేసే మనిషి అక్కడ ఉండాలి.

ఈ రోడ్డుమీద నడిచే తెలుగువారిలో ఎక్కువమంది కడప, అన్నమయ్య, కోనసీమ ప్రాంతాలవారు. నేను చూసే రోగుల్లోనూ వారుంటారు. పరీక్ష అయ్యాక ఫోను తీసి ఊళ్ళో కట్టుకున్న ఇల్లు చూపిస్తారు. రెండంతస్తులు, ముందు స్తంభాలు, నున్నటి రాతి నేల. ఎవరుంటున్నారని అడిగితే తాళం వేసి ఉందంటారు. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటారు. అమెరికాలో, ఇంగ్లండులో స్థిరపడిన మనలో చాలామందికీ ఊళ్ళో అలాంటి ఇల్లు ఒకటి ఉంది. మా నాన్నగారి ఇంటి తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. మనం రాజులం కాము గాని మన ఇళ్ళ రెండో గడి నిండడం మొదలయింది.

పాత కువైట్‌లో పాలకుల కార్యస్థానమైన సీఫ్ ప్రాసాదం ద్వారంమీద అరబ్బీలో ఒక మాట చెక్కి ఉంటుంది. ఇది నీకు ముందున్నవారి దగ్గరే నిలిచిపోయి ఉంటే నీదాకా వచ్చేది కాదు అని దాని భావం. అధికారం గురించి పాలకులు తమకు తాము చెప్పుకున్న హెచ్చరిక అది. ఇళ్ళకూ వర్తిస్తుంది. మనదాకా వచ్చిందంటే మనల్ని దాటి పోతుందని అర్థం. ఎవరి చేతికి పోవాలో మనం ఉండగానే చూస్తే, అది ఇల్లుగానే చేరుతుంది. లేకపోతే ఇటుకలుగా చేరుతుంది.